మీ థ్రిల్లర్‌లో డాక్టరు బోనెక్కకముందు జరగాల్సినవి

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో నడిచే ఒక కోర్టు థ్రిల్లర్ రాస్తున్నారు. హత్య కేసులో ఇరుక్కున్న కుర్రాడి తరఫున మీ కథానాయిక వాదిస్తుంది. క్లైమాక్సులో ఒక పేరున్న సైకియాట్రిస్టు బోనెక్కి, ఈ అబ్బాయిలో ఇద్దరు మనుషులున్నారు, చంపింది ఇతను కాదు ఆ రెండోవాడు అంటాడు. జడ్జి నిర్దోషి అంటారు. కుర్రాడు తల్లి చెయ్యి పట్టుకుని నాంపల్లి కోర్టు మెట్లు దిగుతాడు. ఇది నమ్మేలా ఉందా?

లేదండీ. కానీ కథ మాత్రం వదలొద్దు. 28 ఏళ్లుగా నాంపల్లి, రంగారెడ్డి కోర్టుల్లో ముద్దాయిల తరఫున హత్య కేసులు చూస్తున్నాను. వాటిలో మతిస్థిమితం లేదన్న వాదన తీసుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, గెలిచినవి ఇంకా తక్కువ. ఆ కొద్ది కేసుల్లో నాకు నిద్ర పట్టనివ్వని టెన్షన్ ఉంది. అది డాక్టరు సాక్ష్యం రోజున కాదు, అంతకు చాలా ముందు, ఒక తల్లి బీరువాలో చీరల కింద దాచిన ఓపీ చీటీ దగ్గర మొదలైంది. మీ నవల అక్కడికి వెళ్లాలని నా కోరిక. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు చట్టం ఏమడుగుతుందో చూడండి. పాత ఐపీసీలో సెక్షన్ 84, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 22. మాటలు దాదాపు అవే. పని చేసే సమయానికి, మనసు సరిగా లేని కారణంగా, తాను చేస్తున్నది ఏమిటో తెలుసుకోలేని స్థితిలో ఉన్నా, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఉన్నా, అది నేరం కాదు. మీ కథలో హత్య ఏ తేదీన జరిగిందో ముందే ఖాయం చేసుకోండి. 2024 జులై 1కి ముందైతే హత్యకు 302, మతిస్థిమితానికి 84. ఆ రోజు నుంచైతే 103, 22. ఈ ఒక్కటీ తప్పితే మా లాయర్లు మీ పుస్తకాన్ని పదో పేజీలో మూసేస్తారు.

ఈ కొలత ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 1843లో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనే అతను ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ అనుకుని ఆయన కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ని కాల్చి చంపాడు. పీల్ పార్టీవాళ్లు తనను వెంటాడుతున్నారని అతని నమ్మకం. జ్యూరీ పిచ్చి కారణంగా నిర్దోషి అంది. దేశమంతా గగ్గోలు పుట్టింది. ప్రభువుల సభ జడ్జీలను పిలిచి అసలు కొలత ఏమిటో చెప్పమంది. వాళ్లు చెప్పిన జవాబు నీడే 1860 నాటి మన ఐపీసీ మీద పడింది. మెక్‌నాటన్ ఏమయ్యాడో చాలామంది చెప్పరు. అతను ఇంటికి వెళ్లలేదు. పిచ్చాసుపత్రుల్లోనే 22 ఏళ్లు గడిపి 1865లో చనిపోయాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అక్కడికే వస్తాను.

జబ్బు ఉండటం వేరు, సెక్షన్ వర్తించడం వేరు. స్కిజోఫ్రీనియా అని డాక్టరు రాసిచ్చినా కోర్టు అడిగేది ఒకటే: ఆ రోజు, ఆ గంటలో, అతనికి ఏం తెలుసు? మందులు వేసుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ ఉన్న మనిషి కోపంతో పొడిస్తే జబ్బు అతన్ని కాపాడదు. తెలిసి కూడా ఆపుకోలేకపోయాడన్న వాదన కూడా మన దగ్గర నిలబడదు. అమెరికన్ నవలలు చదివి రాసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే బోల్తా పడతారు. ‘అనాటమీ ఆఫ్ ఎ మర్డర్’ ఉంది కదా, 1958లో వచ్చింది. మిషిగన్ రాష్ట్రంలో జడ్జిగా పనిచేసిన ఆయన, తాను లాయరుగా వాదించిన కేసు ఆధారంగా రాశారు. అందులో హత్య చేసిన సైనికాధికారి కేసు గెలిచేది ఆపుకోలేని ఆవేశం అనే సూత్రం మీద. ఆ రాష్ట్ర చట్టంలో దానికి చోటుంది, మన సెక్షన్‌లో లేదు. అదే కథను నాంపల్లికి తెస్తే ఆ సైనికాధికారికి మిగిలేది ఆకస్మిక, తీవ్రమైన రెచ్చగొట్టుడు అనే మినహాయింపు ఒక్కటే. అది నిరూపించినా శిక్ష తగ్గుతుంది తప్ప పోదు.

మీ ‘ఇద్దరు మనుషులు’ సంగతి. నా ప్రాక్టీసులో ఒక్క కేసులోనూ ఆ జబ్బు ఎదురుపడలేదు. మన దగ్గర అలాంటిది వేరే పేరున్న మనిషిగా కంటే పూనకంగా కనబడటం ఎక్కువ. ఆ దారిలో వెళ్లాలనుకుంటే ఒంటి మీదికి అమ్మవారు వచ్చే మనిషిని రాయండి, మీకు ఊరూ భాషా రెండూ కలిసొస్తాయి. కానీ కోర్టులకు ఎక్కువగా వచ్చేది స్కిజోఫ్రీనియా, భార్య మీద అనుమానం ముదిరి జబ్బుగా మారడం, కాన్పు తర్వాత మతి చెదరడం, మత్తు తాలూకు పిచ్చి.

మత్తు గురించి ఒక మాట, ఇది హైదరాబాద్ కథకు బాగా పనికొస్తుంది. తానంతట తాను తాగి చేసిన పనికి మత్తు సాకు కాదు. కానీ మన దగ్గర కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారని అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి అదే తాగినవాడికి ఒక్కసారిగా కల్లు కాంపౌండు మూతపడితే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి, ఎవరో చంపడానికొస్తున్నారని పరుగెడతాడు. అలాంటివాళ్లను ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి గుంపులుగా తీసుకొచ్చిన రోజులున్నాయి. ఆ స్థితిలో పక్కవాణ్ని కొట్టి చంపితే? అప్పుడు అతను మత్తులో లేడు, మత్తు దొరక్క ఆ స్థితికి వచ్చాడు. ఇది మత్తు సెక్షన్ కిందికి వస్తుందా, మతిస్థిమితం సెక్షన్ కిందికా? ఇద్దరు మంచి లాయర్లు ఒక రోజంతా కొట్లాడుకోగల ప్రశ్న ఇది. నేనైతే దీన్నే నవలకు వెన్నెముక చేస్తాను.

ఇప్పుడు నిరూపించే భారం. హత్య చేశాడని ప్రాసిక్యూషన్ నిరూపించాలి. మతి లేదని ముద్దాయి చూపించాలి. ఎంతవరకు? దీనికి జవాబు చెప్పింది మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు, ఆంధ్ర హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి. 1964లో గుజరాత్ నుంచి వచ్చిన దహ్యాభాయి కేసులో ఆయన రాసిన తీర్పు నా బల్ల సొరుగులో ఎప్పుడూ ఉంటుంది. పిచ్చి ఉందని ముద్దాయి పూర్తిగా నిరూపించలేకపోయినా, అతను పెట్టిన సాక్ష్యం వల్ల హత్యకు కావలసిన ఉద్దేశం ఉందా లేదా అని జడ్జికి సహేతుకమైన సందేహం కలిగితే చాలు, ఆ సందేహం అతనికే దక్కాలి అన్నారు. ఆనాటి మనసును తెలుసుకోవాలంటే పనికి ముందు, పని జరుగుతున్నప్పుడు, పని అయ్యాక అతని నడవడి చూడాలన్నారు. ఆ కేసులో ముద్దాయికి శిక్ష తప్పలేదు. కానీ తర్వాత వచ్చినవాళ్లందరికీ దారి దొరికింది. ముందు, అప్పుడు, తర్వాత: మీ నవలకు మూడు భాగాలు ఇవే పెట్టుకోండి.

2002లో సుప్రీంకోర్టు ఒక పోలీసు కానిస్టేబుల్‌ను ఇలాగే విడిచిపెట్టింది. భార్యను చంపాడన్న కేసు, మహారాష్ట్రలో. పారనాయిడ్ స్కిజోఫ్రీనియాకు అంతకుముందే చికిత్స తీసుకున్నాడు, తండ్రికీ మానసిక జబ్బు ఉండేది, చంపడానికి చెప్పుకోదగ్గ కారణం లేదు, చంపాక దాక్కోలేదు, పారిపోలేదు. అరెస్టయ్యాక నెలల వ్యవధిలో 25 సార్లు ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. చూశారా, ఇందులో ఏ ఒక్కటీ బోనులో మెరిసే సాక్ష్యం కాదు. అన్నీ కాగితాలూ, చిన్న చిన్న సంగతులూ.

ఆ కాగితాల విలువ నాకు ఒక ఓటమితో తెలిసింది. ప్రాక్టీసు మొదలుపెట్టిన నాలుగైదేళ్లకు ఒక భవన కార్మికుడి కేసు వచ్చింది. తోటి కూలీని పారతో కొట్టి చంపాడు. రిమాండు రోజు చూసినప్పుడు గోడతో మాట్లాడుతున్నాడు. పరీక్షకు పంపమని ఆ రోజే పిటిషన్ వేయాల్సింది. ఛార్జిషీటు రానీ, అప్పుడు చూద్దాం అనుకున్నాను. ఈలోపు జైలు డాక్టరు మందులు మొదలుపెట్టారు, మనిషి కుదుటపడ్డాడు. ఏడు నెలల తర్వాత నేను అడిగితే పరీక్షించిన డాక్టరు ప్రస్తుతం మామూలుగా ఉన్నాడని రాశారు. ఆయన చూసింది ఆయన రాశారు. జీవిత ఖైదు పడింది. ఆ తప్పు నాది. అందుకే మా జూనియర్లకు మొదటి రోజే చెబుతాను: ముద్దాయి నీకు జవాబు చెప్పడం లేదంటే, మేజిస్ట్రేటు ఎదుట అదే పూట నోరు తెరువు. 2007లో సుప్రీంకోర్టు పోలీసులకూ ఒక మాట గట్టిగా చెప్పింది. దర్యాప్తులో పాత మతిస్థిమితం సంగతి బయటపడితే వైద్య పరీక్ష చేయించి ఆ సాక్ష్యం కోర్టు ముందు పెట్టడం నిజాయితీ గల దర్యాప్తు అధికారి బాధ్యత, అలా చేయకపోతే అది ప్రాసిక్యూషన్ కేసులో పెద్ద లోపం, దాని లాభం ముద్దాయికే అని. మీ లాయరమ్మ చేతికి ఈ ఆయుధం ఇవ్వండి.

ఇక నేను గెలిచిన ఒక కేసు చెబుతాను. మనుషులను గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

22 ఏళ్ల అబ్బాయి. బోరబండ వైపు రెండు గదుల ఇల్లు. తల్లి మిషను కుడుతుంది, నాయనమ్మ ఇంట్లో ఉంటుంది, అక్కకు సంబంధాలు చూస్తున్నారు. డిగ్రీ మధ్యలో ఆపేశాడు. ఒక మధ్యాహ్నం నాయనమ్మను రోకలితో కొట్టి చంపాడు. తర్వాత 100కి ఫోన్ చేశాడు. ఆ రికార్డింగులో మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి: “దొంగ దొరికింది సార్. మా నాయనమ్మను ఏడ దాచిపెట్టిర్రో చెప్పకముందే పడిపోయింది. జల్ది రండి.” పోలీసులు వచ్చేసరికి గేటు తెరిచి పెట్టి, వాళ్లకు మంచినీళ్లు ఇచ్చి, ఇంట్లో వెతకమని అడిగాడు.

ఎఫ్ఐఆర్‌లో కారణం ఏమని రాశారో తెలుసా? ఆసరా పింఛను డబ్బుల కోసం గొడవ.

కలవడానికి జైలుకు వెళ్తే నాతో చాలా మర్యాదగా మాట్లాడాడు. “నాకేం పిచ్చి లేదు సార్. ఆమె మా నాయనమ్మ కాదు. ఆమె లెక్కనే ఉంటది, గానీ ఆమె కాదు.” దగ్గరి మనిషి స్థానంలో అదే రూపంతో వేరేవాళ్లు వచ్చారనే ఈ భ్రమను డాక్టర్లు కాప్‌గ్రాస్ అంటారు. నాయనమ్మను పరీక్షించేవాడట. చిన్నప్పుడు నా కాలు ఎక్కడ కాలింది అని అడిగాడు. ఆవిడ సరిగ్గా చెప్పింది. దాంతో ఇంకా భయపడ్డాడు, వచ్చినామె అన్నీ నేర్చుకుని వచ్చిందని. ఆ ముసలావిడ ప్రేమగా చెప్పిన ప్రతి సరైన జవాబూ తన చావును దగ్గరికి తెచ్చింది. ఇది విన్న రోజు జైలు బయట కారులో చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఇక్కడ మీరు పట్టుకోవలసిన నాటకం ఒకటుంది. నిజంగా జబ్బున్నవాడు తనకు జబ్బు లేదంటాడు. ఆ వాదన తీసుకోవద్దని లాయరుతో గొడవపడతాడు, వకాలత్ వెనక్కి తీసుకుంటానంటాడు. ఉందని గోల పెట్టేవాణ్ని చూసినప్పుడే నాకు అనుమానం వస్తుంది.

తల్లి మొదట అంతా దాచింది. అబ్బాయి బంగారం, ఎప్పుడూ ఏమీ లేదు అంది. ఈ ఊళ్లో ‘ఎర్రగడ్డ కేసు’ అన్న మాట పడితే కూతురి పెళ్లి ఆగిపోతుందని ఆవిడ భయం. నాలుగోసారి ఇంటికి వెళ్తే బీరువా తెరిచింది. చీరల కింద మూడు ఓపీ చీటీలు, మానసిక జబ్బుకిచ్చే రిస్పెరిడోన్ మాత్రల సగం వాడిన షీటు ఒకటి. మొదటి చీటీ హత్యకు 14 నెలల ముందుది. మూడు నెలలు వేసి మాన్పించారు, పిల్లాడు ఎప్పుడూ నిద్రపోతున్నాడని. తర్వాత గాలి సోకిందని జహంగీర్ పీర్ దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. ఆ దర్గా ప్రయాణం కూడా సాక్ష్యమే. హత్యకు ముందే ఇంట్లోవాళ్లకు తేడా కనబడిందని అది చెబుతుంది.

చీటీ ఫైల్లో పెడితే సరిపోదు. రాసిన డాక్టరు వచ్చి ఇది నా చేతిరాతే అనాలి. చిన్న క్లినిక్ ఆయనది, కోర్టు అంటే భయం. సమన్లు వెళ్లాక కూడా రెండు వాయిదాలు రాలేదు. 100 నంబరు రికార్డింగుకు సర్టిఫికెట్ కావాలి, అప్పట్లో ఎవిడెన్స్ యాక్ట్ 65బి, ఇప్పుడు సాక్ష్య అధినియమంలో 63. అది లేకపోతే ఆ గొంతు కోర్టుకు వినబడదు. ఆ కాగితం కోసం నా జూనియరు తిరిగిన తిరుగుడే మీ నవలలో రెండు అధ్యాయాలవుతుంది.

అన్నిటికన్నా గట్టి సాక్షి వీధి చివర కిరాణా కొట్టాయన. అబ్బాయి ఇంట్లో వండింది తినడం మానేసి ఆయన దగ్గర బిస్కెట్ ప్యాకెట్లు కొనేవాడు. ప్రతి ప్యాకెట్టునూ వెలుతురుకు పట్టి చూసి, దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగేవాడు. ఎనిమిది నెలలు ఇదే. ఆయన చుట్టం కాదు, అబద్ధం చెప్పే అవసరం లేదు. ప్రభుత్వం తరఫు లాయరు, పీపీగారు, క్రాస్‌లో అరగంట తిప్పినా ఆయన అదే మాట మీద ఉన్నాడు.

తల్లి సాక్ష్యం రోజున జరిగింది మాత్రం ఏ సినిమాలోనూ చూడలేదు. మన కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతుంటే, జడ్జిగారు దాన్ని ఇంగ్లిషులో టైపిస్టుకు చెప్పి రాయిస్తుంటారు. ఆవిడ కొడుకు మాటను అట్లాగే చెప్పింది: “ఆమె లెక్కనే ఉంటది, గానీ ఆమె కాదు అనేటోడు సార్.” కంప్యూటరు తెర మీదికి వచ్చిన ఇంగ్లిషు వాక్యానికి అర్థం, నాయనమ్మ మునుపటిలా లేదని కొడుకు అనేవాడు అని. కోడళ్లూ మనవళ్లూ రోజూ అనే మాట అది! జబ్బు మొత్తం ఆ తర్జుమాలో మాయమైపోయింది. లేచి నిలబడి, దయచేసి సాక్షి మాటను ఉన్నదున్నట్టు తెలుగులోనే నమోదు చేయించండి అని అడిగాను. పీపీగారు అభ్యంతరం చెప్పారు. జడ్జిగారు తల్లిని మళ్లీ చెప్పమన్నారు, విన్నారు, కాసేపు ఆగారు. తర్వాత ఆ ఒక్క వాక్యం తెలుగులో ఎక్కింది. తీర్పులో 19వ పేరా ఆ వాక్యంతోనే మొదలవుతుంది. మీరు తెలుగులో రాస్తున్నారు కాబట్టి ఈ దృశ్యం మీకు మాత్రమే దొరికే కానుక అనుకోండి.

జ్యూరీ వైపు తిరిగి ఉపన్యాసాలు పెట్టకండి, మనకు జ్యూరీ లేదు. నార్కో పరీక్షతో ముడి విప్పాలని కూడా అనుకోవద్దు. ముద్దాయి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితాలను నేరుగా సాక్ష్యంగా తీసుకోరు.

డాక్టరు పరీక్ష ఎలా ఉంటుందంటే, చాలా నిదానంగా ఉంటుంది. మంచి సైకియాట్రిస్టు మొట్టమొదట చెప్పేది, నేను నీకు వైద్యం చేయడానికి రాలేదు, నువ్వు చెప్పేది కోర్టుకు రాస్తాను అని. ఆ తర్వాత ఒక్కసారి కాదు, రోజుల తరబడి చూస్తారు. వార్డులో పెట్టి నర్సులు ఇరవై నాలుగు గంటలూ రాసే నోట్సు అసలైన ఆస్తి. నా ఇంకో క్లయింటు, జైల్లో ఎవరో నేర్పితే, డాక్టరు రౌండుకు వచ్చినప్పుడల్లా మట్టి తినేవాడు, పాములు కనబడుతున్నాయని అరిచేవాడు. నైటు డ్యూటీ నర్సు నోట్సులో మాత్రం ఒక లైను ఉంది: రాత్రి 11 గంటలకు పక్క మంచం అతనితో మ్యాచ్ స్కోరు గురించి మాట్లాడాడు, తర్వాత బాగా నిద్రపోయాడు. నటించేవాళ్లు అరుపులూ పాములూ చూపిస్తారు. స్నానం మానేయడం, మాట తగ్గిపోవడం, ముఖంలో కళ పోవడం, నిద్ర లేకపోవడం వారాల తరబడి నటించడం ఎవరి తరమూ కాదు. ఆ క్లయింటు కేసులో మతిస్థిమితం వాదన నేను తీసుకోలేదు.

ఇంకో చిక్కు ఉంది, చాలా కథల్లో ఈ రెండూ కలిసిపోతాయి. నేరం నాటి మనసు ఒకటి, విచారణ నాటి మనసు ఇంకొకటి. ఇప్పుడు విచారణను అర్థం చేసుకునే స్థితిలో లేకపోతే, పాత సీఆర్‌పీసీ 329, కొత్త నాగరిక్ సురక్షా సంహిత 368 కింద విచారణ వాయిదా పడుతుంది. బాగుపడ్డాక మళ్లీ మొదలవుతుంది. అంటే చికిత్స చేసి నయం చేసేది అతన్ని బోనులో నిలబెట్టడానికే. మీ డాక్టరు పాత్ర రాత్రుళ్లు ఆలోచించవలసిన సంగతి ఇది.

ఇక మీరు ఎదురుచూస్తున్న బోను ఘట్టం. మా కేసులో డాక్టరుగారు నలభై దాటిన మనిషి, చాలా తక్కువ మాట్లాడతారు. పీపీగారు లేచారు.

“హత్య జరిగిన ఎన్నో రోజున మీరు ముద్దాయిని చూశారు?”

“ముప్పై ఎనిమిదో రోజు.”

“అంటే హత్య నాడు అతని మానసిక స్థితి మీకు తెలియదు.”

“ఆ రోజు నేను చూడలేదు.”

“తప్పని తెలియకపోతే పోలీసులకు ఎందుకు ఫోన్ చేస్తాడు?”

నా గుండె ఆగినంత పనైంది. ఆ ఫోన్ రెండు వైపులా పదునున్న కత్తి. పోలీసులను పిలిచాడంటే చట్టం తెలుసనే కదా. డాక్టరుగారు నిదానంగా చెప్పారు: “తాను తప్పు చేశానని చెప్పడానికి ఆయన ఫోన్ చేయలేదు. తప్పిపోయిన మనిషిని వెతికించడానికి చేశారు. ఆ రికార్డింగు నేను విన్నాను. ఆయన నిందితుడిలా మాట్లాడలేదు, ఫిర్యాది మాట్లాడినట్టు మాట్లాడారు.”

అంతే. ఇతను నిర్దోషి అని ఆయన అనలేదు, అనకూడదు కూడా. జబ్బేమిటి, అది మనిషి ఆలోచనను ఏం చేస్తుంది, 14 నెలల చీటీతో ముప్పై ఎనిమిదో రోజు పరీక్ష ఎలా కలుస్తుంది, ఇంతవరకే డాక్టరు పని. సెక్షన్ వర్తిస్తుందా లేదా తేల్చేది జడ్జి. మీ డాక్టరు నోట ‘పిచ్చివాడు కాబట్టి వదిలేయండి’ అని వచ్చిందంటే ఆ పాత్ర అక్కడే చచ్చిపోతుంది.

అబ్బాయి గెలిచాడు. అరెస్టయిన మూడేళ్ల రెండు నెలలకు తీర్పు. కానీ మెట్లు దిగలేదు. ఈ కారణంతో వదిలేటప్పుడు, ఆ పని అతనే చేశాడా లేదా అన్నది జడ్జి తప్పనిసరిగా తీర్పులో రాయాలి. పాత సీఆర్‌పీసీ 334, కొత్త సురక్షా సంహిత 373. అంటే నాయనమ్మను చంపింది ఇతనే అని రాసి ఉన్న నిర్దోషి తీర్పు అది. ఆ వెంటనే వచ్చే సెక్షన్ 335, ఇప్పుడు 374, ప్రకారం అతన్ని సురక్షిత కస్టడీలో ఉంచాలి, లేదా తనకూ ఇతరులకూ హాని జరగకుండా చూసుకుంటానని పూచీకత్తు ఇచ్చిన బంధువుకు అప్పగించాలి. కస్టడీకి పంపాక ఇంటికి తెచ్చుకోవాలంటే బంధువు దరఖాస్తు చేయాలి, రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. శిక్షకైతే ఒక లెక్క ఉంటుంది. దీనికి తేదీ లేదు.

తీర్పు రోజు పూచీకత్తుకు ఎవరూ ముందుకు రాలేదు. పెదనాన్న రానన్నాడు, చచ్చిపోయింది ఆయన తల్లి మరి. ఆయన్ను నేను తప్పుపట్టను. అక్కకు అప్పటికి పెళ్లయింది, అత్తింట్లో తమ్ముడి సంగతి తెలియదు. తల్లి ఒక్కతే మిగిలింది, చంపబడినావిడ కోడలు, చంపినవాడి అమ్మ. అబ్బాయిని ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ మందులు పనిచేయడం మొదలుపెట్టాక ఒక రోజు, తాను చంపింది నాయనమ్మనేనని అతనికి తెలిసింది. కేసు గెలవడానికి మేమందరం నిరూపించిన అజ్ఞానం పోయి, అప్పుడు జ్ఞానం వచ్చింది. వార్డులో మూడు రోజులు ముద్ద ముట్టలేదని తల్లి నాకు ఫోన్‌లో చెప్పింది.

మీ నవల చివరి వంద పేజీలు ఇక్కడి నుంచి రాయండి. దరఖాస్తు ఫైలు కదలడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ ఏడాదంతా ఆవిడ ఆదివారాలు ఆస్పత్రికి వెళ్లేది. ఆ ఇల్లు ఖాళీ చేసి వేరే బస్తీకి మారింది, మిషను ఒక్కటే వెంట తెచ్చుకుంది. రోకలి పోలీసుల దగ్గర ఉండిపోయింది, మళ్లీ కొనలేదు. పూచీకత్తు కాగితం మీద సంతకం చేసే రోజు నా ఆఫీసుకు ఒక చిన్న నోటుబుక్కు తెచ్చింది. ప్రతి పేజీలో తేదీ వేసి రెండు గళ్లు గీసుకుంది, పొద్దున మాత్ర, రాత్రి మాత్ర. అన్నీ ఖాళీ గళ్లే. రేపటి నుంచి నింపుతాను సారూ, ఇట్లా రాస్తే సరిపోతదా అని అడిగింది.

మీ కథలో హత్య ఏ సంవత్సరంలో జరిగిందో చెప్పండి, సెక్షన్ నంబర్లు సరిచూసి ఇస్తాను. వీలైతే నాంపల్లి వచ్చి ఒక పూట సెషన్స్ కోర్టులో వెనక బెంచీ మీద కూర్చోండి, విచారణలు ఎవరైనా చూడొచ్చు. సాక్షి తెలుగులో చెబుతున్నప్పుడు తెర మీద ఏమని ఎక్కుతోందో చూస్తూ ఉండండి.